ఆ ముఖం ఎవరిది? - టికీ బొమ్మలు మనకు చెప్పే మాట

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అంటే డప్పులు, ర్యాలీలు, జెండాలు మనకు అలవాటే. 1982లో ఇదే తేదీన ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల సమస్యల మీద ఏర్పడిన కార్యబృందం మొదటిసారి సమావేశమైంది. దాని గుర్తుగానే 1994లో ఐక్యరాజ్యసమితి ఈ రోజును ప్రకటించింది. అంటే ఇది మన ఒక్కరి పండుగ కాదు, ప్రపంచంలోని ఆదివాసులందరిదీ. అందుకే ఈసారి మేము మన జిల్లాలు దాటి, పసిఫిక్ మహాసముద్రంలోని మన తోటి ఆదివాసుల గురించి మాట్లాడాలనుకున్నాం. వాళ్లు చెక్కిన కొయ్య బొమ్మల గురించి, ఆ బొమ్మలకు పట్టిన గతి గురించి, వాటిని వాళ్లు మళ్లీ ఎలా దక్కించుకున్నారన్న దాని గురించి చెబుతాం.

మీలో చాలామంది ఫోన్లో ఈ బొమ్మను చూసే ఉంటారు. పెద్ద తల, గుడ్లురిమే కళ్లు, వెడల్పుగా తెరిచిన నోరు, పొట్ట మీద చేతులు, కొంచెం వంచిన మోకాళ్లు. దీన్ని టికీ అంటారు. అమెరికాలో వేలమంది సెలవు రోజుల్లో సరదాగా ఇలాంటి బొమ్మలు చెక్కుతుంటారు. ఇంటి ముందు పెట్టుకుంటారు, స్నేహితులకు బహుమతిగా ఇస్తారు. చెక్కడం నేర్పే వీడియోలు కూడా దొరుకుతాయి. మన పిల్లలు కొందరు వాటిని చూసి, "అన్నా, మనమూ ఇలాంటిది చేద్దామా?" అని మమ్మల్ని అడిగారు. ఆ ప్రశ్నే ఈ ప్రసంగానికి మూలం.

చేద్దాం. ఉలి పట్టడం మంచి అలవాటే. కానీ కొయ్యలో ఒక ముఖం చెక్కే ముందు, ఆ ముఖం ఎవరిదో తెలుసుకుందాం.

టికీ అంటే ఎవరు?

పసిఫిక్ మహాసముద్రంలో ఉత్తరాన హవాయి, నైరుతి మూలన న్యూజిలాండ్, తూర్పున ఈస్టర్ దీవి ఉంటాయి. ఈ మూడింటినీ గీతతో కలిపితే వచ్చే త్రిభుజాన్ని పాలినీషియా అంటారు. అక్కడి దీవుల ప్రజలు వేల మైళ్ల సముద్రాన్ని నక్షత్రాలు, అలలు, పక్షుల ఆనవాలుతో పడవల మీద దాటినవాళ్లు. వాళ్ల భాషలు అక్కాచెల్లెళ్ల లాంటివి. న్యూజిలాండ్ మావోరీలు, మార్కెసాస్ దీవులవాళ్లు 'టికీ' అనే మాటను తహితీలో 'తిఇ' అంటారు, హవాయిలో 'కిఇ' అంటారు. మన గోండి, కోయ, కొలామి మాటలను పక్కపక్కన పెట్టి వింటే చుట్టరికం ఎలా తెలిసిపోతుందో, ఇదీ అలాగే.

మావోరీల్లో కొన్ని తెగల కథల ప్రకారం టికీ మొట్టమొదటి మనిషి. మార్కెసాస్ దీవుల్లో దేవతలుగా మారిన పూర్వీకుల బొమ్మలను టికీ అంటారు. తల అంత పెద్దదిగా చెక్కడం చేతకాక చేసిన పని కాదు. మనిషిలోని శక్తికి తలే నిలయమని వాళ్ల నమ్మకం. ఆ శక్తిని 'మన' అంటారు. ఆ శక్తి ఉన్నచోట కొన్ని కట్టుబాట్లు ఉంటాయి, వాటిని 'తపు' అంటారు. ఇంగ్లీషులో 'టాబూ' అనే మాట ఆ దీవుల నుంచి వచ్చిందే. ఎవరు తాకవచ్చు, ఎప్పుడు తాకవచ్చు, చెక్కేవాడు ఎలా మెలగాలి అన్నదానికి నియమాలు ఉండేవి. మన పెన్‌గుడి దగ్గర, ఇలవేల్పు దగ్గర ఎవరు ముందు నడవాలి, ఎవరు ముట్టాలి అన్నది మన పెద్దలు చెబుతారు కదా, అలాంటివే అవి.

కాబట్టి టికీ ఒట్టి బొమ్మ కాదు, ఒక వంశానికి తాత.

మంటల్లోకి, పెట్టెల్లోకి

హవాయిలో 1819లో పాత రాజు కమెహమెహ చనిపోయాక కొత్త రాజు, రాణి కఅహుమను కలిసి పాత కట్టుబాట్లను రద్దు చేశారు. గుళ్లను కూలగొట్టారు, కొయ్య దేవుళ్లను తగలబెట్టారు. మరుసటి ఏడాదే అమెరికా నుంచి మిషనరీలు దిగారు. ఇతర దీవుల్లో మిషనరీల ప్రభావంతో ఇదే జరిగింది. కొన్ని బొమ్మలు మంటల్లోకి పోయాయి, కొన్ని ఓడలెక్కి లండన్ చేరాయి. రురుటు అనే చిన్న దీవివాళ్లు 1821లో తమ దైవం 'అఆ' విగ్రహాన్ని మిషనరీలకు అప్పగించారు. దాని ఒంటి మీద కళ్లు, ముక్కు, నోరు ఉండాల్సినచోట కూడా చిన్న చిన్న మనుషుల బొమ్మలే ఉంటాయి, మొత్తం ముప్ఫై. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

హవాయి యుద్ధదైవం 'కూ' విగ్రహాల్లో మనిషంత ఎత్తున్నవి ప్రపంచం మొత్తం మీద మూడే మిగిలాయి. ఒకటి లండన్లో, ఒకటి అమెరికాలోని సేలంలో, ఒకటి హొనొలులులో. 2010లో ఆ మూడింటినీ హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ఒకచోట నిలబెట్టారు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ముగ్గురు అన్నదమ్ములు కలిసినట్టయింది. తర్వాత ఇద్దరు మళ్లీ పెట్టెలెక్కి వెళ్లిపోయారు.

తాత కాస్తా కప్పు అయ్యాడు

ఇంకో వంద ఏళ్లు గడిచాయి. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశారు. ఆ రోజుల్లోనే హాలీవుడ్‌లో డాన్ ది బీచ్‌కోంబర్ అనే పేరుతో ఒక బారు వెలిసింది. వెదురు, ఈతచాపలు, రమ్ము, దీవుల అలంకరణ దాని ప్రత్యేకత. ఓక్లండ్‌లో ట్రేడర్ విక్స్ కూడా అదే బాట పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసిన సైనికులు ఇళ్లకు తిరిగొచ్చాక ఆ దీవుల మీద మోజు బాగా పెరిగింది. 1947లో 'కాన్-టికీ' అనే తెప్ప మీద థోర్ హెయెర్డాల్ పెరూ నుంచి పసిఫిక్ మీదుగా 101 రోజులు ప్రయాణించాడు. దాంతో టికీ పేరు ఇంటింటా వినపడింది. 1959లో హవాయి అమెరికాలో 50వ రాష్ట్రమైంది. 1963లో డిస్నీల్యాండ్‌లో టికీ పేరుతో ఒక వినోదశాల తెరిచారు.

ఈ ముప్ఫై ఏళ్లలో పూర్వీకుడి ముఖం మద్యం తాగే పింగాణీ కప్పయింది, హోటల్ గుమ్మం ముందు స్తంభమైంది, ఉప్పు-మిరియాల డబ్బా కూడా అయింది. చేసినవాళ్లలో చాలామందికి చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్లకు అది ఒక సరదా ముఖం, అంతే. ఎవరి ముఖమని అడగలేదు. చెప్పడానికి ఆ దీవులవాళ్లు ఆ గదిలో లేరు.

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. గుస్సాడీ నెమలి ఈకల టోపీని, కొమ్ముకోయల తలపాగాను రిసార్టు గేటు దగ్గర స్వాగతానికి నిలబెట్టడం మనం చూడలేదా? ఎవరికి మొక్కి ఆ టోపీ పెట్టుకుంటారో, ఏ నెలలో పెట్టుకుంటారో, దించేటప్పుడు ఏం చేస్తారో ఆ పెళ్లి వీడియో తీసేవాడికి తెలుసా? టికీ కథ సముద్రం అవతలిదే కావచ్చు, అది నడిచిన దారి మాత్రం మన ఊరి దాకా ఉంది.

అయితే ఉలి పట్టొద్దా?

పట్టాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాం. అమెరికాలో సరదాగా చెక్కేవాళ్ల దగ్గర కూడా మనం నేర్చుకోవాల్సింది ఉంది. వాళ్లు రోడ్ల పక్కన, ఇళ్ల ముందు కొట్టేసిన తాళజాతి చెట్ల మొద్దులు తెచ్చుకుంటారు. పారేసే మొద్దుకు ప్రాణం పోస్తారు. సాయంత్రాలు టీవీ ముందు కాకుండా చెక్కపొట్టు మధ్య గడుపుతారు. మేము కొందరం కూడా ఉద్యోగాల మధ్య దొరికే సెలవుల్లో ఇలాగే కూర్చుంటున్నాం. మాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాం.

మొదటిది మొద్దు. తాటి, కొబ్బరి మొద్దులకు మిగతా చెట్లలా వలయాలు ఉండవు. బయట గట్టి నార, లోపల మెత్తటి గుజ్జు. అందుకే లోతుగా చెక్కితే లోపలి భాగం పొడిపొడిగా రాలుతుంది, సన్నని గీతలు నిలవవు. పెద్ద పెద్ద ఆకారాలకే అది పనికొస్తుంది. మొదటిసారి చెక్కేవాళ్లకు పొణికి లాంటి మెత్తటి తేలిక చెక్క మేలు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడేది అదే. వేప కొంచెం గట్టిది, చెయ్యి కుదిరాక పట్టుకోవాలి.

చెట్టు కొట్టొద్దు. గాలికి పడ్డ కొమ్మ, ఇల్లు విప్పినప్పుడు వచ్చిన పాత దూలం చాలు. అడవిలో మొద్దు అయితే గ్రామసభను అడగండి. 2006 అటవీ హక్కుల చట్టం చెప్పే చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురుతో పాటు పుల్లలు, మొద్దులు కూడా ఉన్నాయి, కలప మాత్రం లేదు. ఆ తేడా తెలియకపోతే చిక్కుల్లో పడతారు.

రెండోది ఆరబెట్టడం. పచ్చి చెక్క ఉలికి సులువుగా లొంగుతుంది, కానీ ఆరేటప్పుడు పగులుతుంది. తేమ ఎక్కువగా మొద్దు రెండు కొసల నుంచే పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. కొసలకు మైనమో పెయింటో పూసి, నీడలో, నేలకు తగలకుండా ఎత్తు మీద పెట్టండి. ఎండలో పెట్టారంటే వారంలో చీలుతుంది.

మూడోది గీత. ముందు మొద్దు మీద నిలువుగా మధ్య గీత గీయండి. టికీ లాంటి బొమ్మకు మూడు వంతుల్లో ఒక వంతు తలకే పోతుంది. ముఖంలో అన్నిటికంటే ముందుకు ఉండేది ముక్కు. కాబట్టి ముక్కును ముట్టుకోకుండా దాని రెండు పక్కలా కళ్లచోటు లోపలికి దింపాలి. ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. కొత్తవాళ్లు ముక్కును చెక్కబోయి దాన్నే పోగొట్టుకుంటారు.

నాలుగోది చెయ్యి. ఉలి పదునుగా ఉండాలి. మొద్దుబారిన ఉలికి బలం ఎక్కువ పెడతాం, అప్పుడే జారి కోసుకుంటుంది. సానరాయి పక్కనే ఉంచుకోండి. రెండు చేతులూ ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి. చెక్కను కాళ్ల మధ్య పెట్టుకోవద్దు, బిగించి కట్టండి. నార వాలు చూసి దాని వెంటే కొట్టండి, ఎదురు కొడితే పెచ్చు లేస్తుంది. చివర ఉప్పు కాగితంతో రుద్ది అవిసె నూనె పట్టిస్తే చెక్క రంగు తేలుతుంది.

ఇందులో ఏదీ మన తాతలకు కొత్త కాదు. నాగలి, ఎద్దుల మెడలో కొయ్య గంట, డోలు బుర్ర, రోకలి, దూలం అన్నీ బాడిశతో, ఉలితో చేసినవే. నాయకపోడులు లక్ష్మీదేవర ఆటలో ధరించే కొయ్య ముఖాలు, బస్తర్‌లో మురియాలు చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపే చెక్క స్తంభాలు చూడండి. చెక్కడం మన ఒంట్లో ఉంది. మన చేతుల్లోంచే జారిపోతోంది.

మావోరీలు చేసిన పని

న్యూజిలాండ్‌లో వందేళ్ల కిందట ఇదే పరిస్థితి. చెక్కడం తెలిసిన ముసలివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. అప్పుడు అపిరానా ఎన్‌గాటా అనే మావోరీ పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి 1926లో చట్టం చేయించాడు. 1927లో రోటొరువా ఊళ్లో మావోరీ కళల బడి తెరిచారు. అక్కడికి ఎరామిహా కపువా అనే పెద్దాయనను గురువుగా తెచ్చారు. ఆయన దగ్గర బాడిశ పట్టడం నేర్చుకున్న కుర్రాళ్లలో పైనె టైయాపా ఒకడు. తర్వాత దేశమంతా తిరిగి ఎన్నో సభా గృహాలకు చెక్కడం పని చేశాడు. 1940లో వైతాంగిలో ప్రారంభమైన సభా గృహంలో ఒక్క తెగ పూర్వీకులు కాదు, అనేక తెగల పూర్వీకులు ఒకే కప్పు కింద నిలబడ్డారు.

మావోరీ సభా గృహంలో ఒక్కో స్తంభానికి ఒక్కో పూర్వీకుడు. మన దగ్గర కోయ పడిగె విప్పి డోలీలు వంశం చెప్పినట్టు, గోండుల కథను ప్రధాన్‌లు, తోటీలు కిక్రి మీద పాడినట్టు, అక్కడ పెద్దలు స్తంభం చూపించి మనిషి పేరు చెబుతారు. చెక్కిన ముఖం ఉండి చెప్పే నోరు లేకపోతే అది ఒట్టి అలంకారమే. రెండూ ఉంటే అది చరిత్ర పుస్తకం. డోలు మోగిస్తూ సమ్మక్క-సారలమ్మల చరిత్ర పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ కనకరాజు గారికి అంతకుముందు ఏడాదే వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ మన మధ్య లేరు. వాళ్ల దగ్గర ఎంతమందిమి కూర్చుని నేర్చుకున్నాం? ఈ ప్రశ్న ఎవరి ఇంట్లో వాళ్లు వేసుకోవాలి.

మావోరీలు అక్కడితో ఆగలేదు. 1963లో మరో చట్టంతో ఆ బడికి కొత్త సంస్థ వచ్చింది. ఇప్పటికీ రోటొరువాలో పర్యాటకులు టికెట్టు కొని చూస్తారు, ఆ డబ్బుతో కుర్రాళ్లకు చెక్కడం నేర్పుతారు. పర్యాటకం అదే, బొమ్మలూ అవే. కానీ పగ్గం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. 1984లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'తె మావోరీ' ప్రదర్శన పెట్టినప్పుడు మావోరీ పెద్దలు తెల్లవారుజామునే వెళ్లి, మంత్రాలు చదివి తలుపులు తెరిపించారు. అమెరికావాళ్లు బొమ్మలు చూద్దామని వచ్చి, ఒక జాతి తన తాతలతో మాట్లాడటం చూశారు. 2002లో 'తోయి ఇహో' అనే గుర్తు తెచ్చారు. ఇది మావోరీ చేతిపని అని ఆ గుర్తు చెబుతుంది.

మన చేతిలో ఉన్నవి

మనకు కూడా కొన్ని ఆధారాలు ఉన్నాయి. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసీ హక్కుల ప్రకటనలో 31వ అధికరణం సాంస్కృతిక వారసత్వం మీద హక్కు ఆ జాతిదేనంటుంది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటేసింది. మన అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందంటుంది. ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు ఉంది. కాగితం మీద హక్కు ఉన్నా, పని తెలిసిన చెయ్యి లేకపోతే ఆ హక్కు ఖాళీ గూడే.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మూడు పనులు చెబుతున్నాం.

ఒకటి. ఉలి పట్టండి. బొమ్మతోనే మొదలుపెట్టక్కర్లేదు. గరిటె, దువ్వెన, పీట, పక్షి, ఎద్దు ఏదైనా సరే. చెల్లెళ్లూ, ఇది మగవాళ్ల పని అనే మాటను పట్టించుకోకండి.

రెండు. దేవుణ్ణి, పూర్వీకుణ్ణి చెక్కాలనిపిస్తే ముందు పెద్దలను అడగండి. పటేల్, దేవారి, పూజారి, వడ్డె ఎవరైతే వాళ్లు. "తాతా, దీన్ని చెక్కవచ్చా? ఎవరు చెక్కాలి? ఇంట్లో పెట్టుకోవచ్చా? అమ్మవచ్చా?" వద్దంటే వద్దు. ఎందుకు వద్దో చెప్పించుకుని రాసుకోండి. ఆ రాసుకున్నది బొమ్మకంటే విలువైనది కావచ్చు.

మూడు. టికీ మీద మనసు పడితే, నేర్చుకోవడానికి చెక్కండి, తప్పు లేదు. కానీ ఫలానా దీవివాళ్ల పూర్వీకుడి రూపమని చూసినవాళ్లకు చెప్పండి. ఫలానా గుడిలోని విగ్రహాన్ని అచ్చుగా దించవద్దు. మన పేరుతో అమ్మవద్దు. రేపు ఎవరో మన పెర్సపేన్‌ను, మన పడిగెను చూసి ముచ్చటపడితే వాళ్లు ఎలా మెలగాలని కోరుకుంటామో, మనమూ అలాగే మెలగాలి. మన గౌరవం కోసం నిలబడేవాళ్లం పక్కవాళ్ల గౌరవాన్ని కాలరాస్తే మన మాటకు బలం ఉండదు.

మీ ఊళ్లో బాడిశ పట్టడం తెలిసిన తాత ఒక్కరైనా ఉంటారు. ఆయన ఇంటి చూరులో ఆ బాడిశ ఇంకా దోపి ఉంటుంది. తుప్పు పట్టి ఉంటే సానపెట్టించండి. ఈ సెలవుల్లో ఆయన పక్కన పదిరోజులు కూర్చోండి. ఆయన చెప్పే మాటలు ఫోన్లో రికార్డు చేయండి. మన సంఘం వచ్చే ఏడాది సంచికలో ఆ తాతల పేర్లు, మీరు చేసిన పనుల ఫొటోలు వేయాలని మా కోరిక. కొయ్యలో చెక్కిన ప్రతి ముఖం కింద, అది ఎవరిదో చెప్పే నాలుగు వాక్యాలు కూడా ఉండాలి.

జై ఆదివాసీ!